పాత కేసు, కొత్త కొలువు

శ్రీకాకుళం నుంచి సముద్రం దాటి అండమాన్‌కు బతుకుదెరువు కోసం వెళ్లినవాడికి వెరిఫికేషన్ ఫారంలోని ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా?’ అన్న గడి ఉరితాడు కాకూడదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దారి చూపింది. నిజం దాచడం తప్పే అయినా, చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప నేరమైతే యజమాని దాన్ని మన్నించవచ్చు. నిజం చెప్పినా పూర్వచరిత్ర పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది. ఆ తీర్పు ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించినదే గానీ, ఆ న్యాయం అండమాన్ రాజధాని శ్రీ విజయపురంలోని హోటళ్లూ పాటించాలి.

పర్యాటకుల భద్రత మాటేమిటంటారా? నిజమే, పిల్లల సంరక్షణ చూసేవారి గతాన్ని లోతుగా తరచి చూడాల్సిందే. కానీ వంటగదిలో గిన్నెలు కడిగే పనికి కాలేజీనాటి ధర్నా కేసుతో ఏం సంబంధం? పనికి సంబంధించినదే అడగాలి, కొట్టేసిన కేసును శిక్షగా లెక్కగట్టకూడదు, వద్దనే ముందు అభ్యర్థి వివరణ వినాలి.