ఎర్ర నోటీసు వస్తే అల్లుడు వస్తాడా?

సంక్రాంతి వెళ్లిన వారం. అరిసెల డబ్బా తిరిగి ఇవ్వడానికి మా వీధి చివరి పిన్నిగారు వచ్చారు. డబ్బా బల్ల మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఏటమ్మా, నువ్వు చదువుకున్నదానివి కదా! అల్లుడి మీద రెడ్ కార్నర్ నోటీసు ఏయిస్తే ఇమానంలోంచి దించేసి పట్టుకొచ్చేస్తారంట, నిజమేనా?" అని అడిగారు.

ఆవిడ కూతురికి పెళ్లయి రెండేళ్లు. నలభై రోజులు కాపురం చేసి, "వీసా రాగానే పిలిపించుకుంటాను" అని అమెరికా విమానం ఎక్కిన పెళ్లికొడుకు మళ్లీ పలకలేదు. ఫోను నంబరు మారిపోయింది. ఇంకో పది లక్షలు తెస్తే అబ్బాయి మనసు మారవచ్చునని అత్తగారి కబురు. ఇంతలో ఎవరో పెద్దమనిషి "ఢిల్లీలో నాకు తెలిసినవాళ్లున్నారు, ఎర్ర నోటీసు వేయిస్తాను" అని ఖర్చులకు ఇరవై వేలు పట్టుకెళ్లాడు. పోలీస్ స్టేషన్‌లో మాత్రం ఇంతవరకు ఒక్క కాగితం ఇవ్వలేదు. నోటీసు వస్తే అన్నీ అవే జరుగుతాయని వీళ్ల నమ్మకం.

నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ సినిమాల్లో చూసినంతే తెలుసు. పైగా ఆ సంబంధం చూసి "అదృష్టవంతురాలు" అని తలూపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ బాధ్యత గుచ్చుకుని, కూర్చుని చదివాను. తెలుసుకున్నది మీకూ చెబుతున్నాను.

ఇంటర్‌పోల్ 1923లో వియన్నాలో మొదలైంది. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం ఫ్రాన్సులోని లియోన్‌లో ఉంది. 196 దేశాలు సభ్యులు. మనం ఊహించుకున్నట్టు దానికి తలుపు తట్టి సంకెళ్లు వేసే పోలీసులు లేరు. ఒక రకంగా అది పోలీసుల తపాలా కచేరీ. ఒక దేశం పోలీసులు చెప్పింది మిగతా దేశాలకు చేరవేస్తుంది. కాగితం మూలనుండే రంగును బట్టి మనవాళ్లు 'కార్నర్' అంటారు. తప్పిపోయినవాళ్ల కోసం పసుపు, మనిషి ఆచూకీ, వివరాల కోసం నీలం, గుర్తు తెలియని శవాల కోసం నలుపు. కోర్టు వారెంటు ఉండి పరారీలో ఉన్నవాళ్ల కోసం ఎరుపు.

ఈ ఎర్ర నోటీసు అరెస్టు వారెంటు కాదు. "ఇతను మీ దేశంలో కనిపిస్తే పట్టి ఉంచండి, అప్పగించమని మేం అడుగుతాం" అనే విన్నపం మాత్రమే. ఆ విన్నపానికి ఎంత విలువ ఇవ్వాలో ఆయా దేశాల చట్టాలు తేల్చుకుంటాయి. అమెరికా చట్టం ప్రకారమైతే ఒక్క ఈ నోటీసు చూసి ఎవరినీ అరెస్టు చేయడానికి వీల్లేదు. మన పెళ్లికొడుకుల్లో ఎక్కువమంది ఉండేది అక్కడే కదా!

మన దగ్గర జరిగిందే చూడండి. మన రాష్ట్రంలో టైటానియం ఖనిజం తవ్వకాల అనుమతులకు లంచాలన్న కేసులో 2014లో అమెరికా, అప్పటి రాజ్యసభ సభ్యులు కె.వి.పి. రామచంద్రరావుగారి కోసం ఇంటర్‌పోల్ ద్వారా అడిగింది. ఆయన ఆరోపణలను ఖండించారు, హైకోర్టుకు వెళ్లారు. నోటీసు వచ్చిందని ఎవరూ ఆయనను విమానం ఎక్కించి తీసుకుపోలేదు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీ మీద ఎర్ర నోటీసును 2022లో ఎత్తేశారు. అయినా మన దేశం నేరుగా అడిగితే 2025 ఏప్రిల్‌లో బెల్జియంలో అరెస్టయ్యాడు. అంటే నోటీసుతోనే అంతా అయిపోదు, నోటీసు లేకపోతే అంతా ఆగిపోదు.

ఇంకో మెలిక ఉంది. రెండేళ్లకు తక్కువ శిక్ష పడే నేరానికి విచారణ కోసం ఎర్ర నోటీసు ఇవ్వరు. భార్యను హింసించిన నేరానికి పాత 498ఎ కింద, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది కనుక ఆ గడప దాటుతాం. కానీ కుటుంబ, వ్యక్తిగత వ్యవహారాల నేరాలకు నోటీసు ఇవ్వకూడదని ఇంటర్‌పోల్ నియమాల్లోనే ఉంది. మన ఆడపిల్ల కన్నీళ్లు లియోన్‌లో 'ఇంటి గొడవ' పద్దు కింద పడిపోవచ్చు. ఇది న్యాయమా అంటే, కాదనే అంటాను. కానీ ఉన్నది తెలుసుకోకుండా లేనిదాని మీద ఆశ పెట్టుకుంటే నష్టపోయేది మనమే.

మరి దారి లేదా? ఉంది, అదీ మన ఊళ్లోనే. పుట్టింట్లో తలదాచుకున్న అమ్మాయి అక్కడి స్టేషన్‌లోనే కేసు పెట్టవచ్చునని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో తేల్చి చెప్పింది. అత్తవారి ఊరు పరుగెత్తనక్కర్లేదు. కేసు నమోదయ్యాక లుకౌట్ సర్క్యులర్ అడగాలి. జిల్లా ఎస్పీ స్థాయి అధికారి కోరితే అది దేశంలోని విమానాశ్రయాలన్నిటికీ వెళుతుంది. మా చోడవరం 2022లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది కనుక ఎస్పీ ఆఫీసు మాకు దగ్గరే. చెల్లెలి పెళ్లికో, తండ్రి కర్మకో అతను ఎప్పుడో ఒకప్పుడు శంషాబాద్‌లో దిగకపోడు. కోర్టు వారెంటు ఉంటే 1967 పాస్‌పోర్టు చట్టం 10(3) కింద అతని పాస్‌పోర్టు స్వాధీనం చేసుకునే అధికారం పాస్‌పోర్టు ఆఫీసుకు ఉంది. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రవాస భర్తల ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. ఎర్ర నోటీసు కావాలన్నా రాష్ట్ర పోలీసుల నుంచి సీబీఐకి, అక్కడి నుంచి లియోన్‌కు వెళ్లాలి. మధ్యలో ఏ పెద్దమనిషికీ, ఏ ఇరవై వేలకూ చోటు లేదు.

అతను అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మన పాస్‌పోర్టు చట్టం అతనికి తగలదు. అందుకే అసలు జాగ్రత్త పెళ్లికి ముందే పడాలి. పెళ్లిచూపులకు మాడుగుల హల్వా తెప్పిస్తాం, జాతకాలు నాలుగుచోట్ల చూపిస్తాం. ఏ దేశపు పాస్‌పోర్టో, ఏ వీసానో, ఏ కంపెనీలో ఉద్యోగమో చూపించమని, నకళ్లు ఇమ్మని అడగడానికే నోరు రాదు. "అడిగితే ఏమనుకుంటారో" అన్న మొహమాటం మన పిల్లల బతుకుల కంటే ఎక్కువా? పెళ్లి రిజిస్టరు చేయించి, ఆ కాగితాలన్నీ అమ్మాయి బీరువాలోనే ఉంచండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా అది నయం.

పిన్నిగారికి ఇదంతా చెబితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే ఆడి కోసం ఢిల్లీ కాదు, మన టేషనుకే ఎల్లాలన్నమాట" అన్నారు. సోమవారం పొద్దున్న ముగ్గురం వెళ్లాం. అర్జీ అమ్మాయే తన చేత్తో రాసింది. అల్లుడు వస్తాడో రాడో నేను చెప్పలేను. కానీ రెండేళ్లుగా ఎవరో ఏదో చేస్తారని ఎదురుచూసిన పిల్ల, ఆ రోజు రసీదు తన సంచిలో భద్రంగా పెట్టుకుని ఇంటికి వచ్చింది.