ఒప్పందం మారాలి సరే, తాళంచెవి ఎవరి చేతిలో?

కంప్యూటర్ సైన్స్, కామర్స్ చదివే మన స్నేహితుల నోట ఈ మధ్య తరచుగా వినిపించే మాట 'స్మార్ట్ కాంట్రాక్ట్'. తెలుగు గోడపత్రికలో దీని గొడవ ఎందుకని అడగకండి. ఒప్పందం అనేది ముందు భాష, ఆ తర్వాతే సాంకేతికం. పైగా గాంధీపురం దాటి గణపతి వైపు వెళ్తే లోపలి వీధుల్లో లేత్ మిషన్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. మిల్లులకూ పంపుల కంపెనీలకూ జాబ్‌వర్క్ చేసిపెట్టే చిన్న చిన్న పట్టరైలు అవి. వాటి బతుకంతా ఒప్పందాల మీదే. మనలో కొందరి ఇళ్ళల్లో ఫీజు కట్టేది కూడా ఆ డబ్బుతోనే.

ఇంతకీ స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే ఏంటి? ఒప్పందంలోని షరతులను ప్రోగ్రాంగా రాసి బ్లాక్‌చెయిన్‌లో పెట్టడం. బ్లాక్‌చెయిన్ అంటే అందరి దగ్గరా ఒకే నకలు ఉండే ఖాతా పుస్తకం అనుకోండి. ఎవరూ చాటుగా ఒక పేజీ చింపలేరు. 500 షాఫ్టులు అందాయి, తనిఖీలో పాసయ్యాయి అని నమోదు కాగానే, కొనేవారు ముందే జమచేసిన డబ్బు దానంతట అదే పట్టరై ఖాతాకు వెళ్ళిపోతుంది. "ఓనర్ ఊళ్ళో లేరు, సోమవారం రండి" అనే మాట ఉండదు. 1990లలోనే నిక్ సాబో ఈ ఆలోచన చెప్పి, నాణెం వేస్తే సరుకు ఇచ్చే మిషన్‌తో దాన్ని పోల్చాడు.

మన దేశంలో చిన్న పరిశ్రమల కోసం 2006లో ఒక చట్టం వచ్చింది. చిన్న యూనిట్లకు డబ్బు చెల్లించడానికి 45 రోజులకు మించి గడువు పెట్టకూడదని అది చెబుతుంది. చట్టం ఉంది గానీ, గట్టిగా అడిగితే తర్వాతి ఆర్డరు పోతుందేమోనన్న భయం కూడా ఉంది. ఆ 45 రోజులను కోడ్‌లోనే రాసేస్తే అడగాల్సిన పనే లేదు. నాకు ఈ పద్ధతి మీద ఆశ ఉన్నది అందుకే.

అయితే చిక్కు ఇక్కడే ఉంది. ఇథీరియం లాంటి బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి పెట్టిన కోడ్‌ను మార్చలేం. నమ్మకానికి అది మంచిదే, కానీ పరిశ్రమ అలా నడవదు. 2022 మే నెలలో 356 కిలోల క్యాండీ పత్తి ధర లక్ష రూపాయలు దాటింది. పత్తి మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2022 ఏప్రిల్‌లో తీసేసింది, తర్వాత మళ్ళీ పెట్టింది, 2025 ఆగస్టులో మళ్ళీ తీసేసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయాయి. పాత లెక్కలు కోడ్‌లో చెక్కేసి ఉంటే ఆ ఒప్పందం ఎవరికి పనికొస్తుంది?

చీటీల సంగతే చూడండి. తెలంగాణలో చిట్‌ఫండ్ల వ్యవహారాలను 'టీ-చిట్స్' అనే బ్లాక్‌చెయిన్ వేదిక మీదకు తెచ్చారు. చీటీపాట మనకు కొత్త కాదు కాబట్టి ఇది సులభంగా అర్థమవుతుంది. 2019లో చిట్‌ఫండ్ చట్టాన్ని సవరించి, చీటీ నడిపేవారి కమిషన్ పరిమితిని 5 శాతం నుంచి 7 శాతానికి పెంచారు. అంటే కోడ్‌లో 5 అని శాశ్వతంగా రాసిపెట్టుకుంటే కుదరదన్న మాట.

దీనికి ఇంజనీర్లు ఒక దారి కనిపెట్టారు. ఒప్పందాన్ని రెండు పెట్టెలుగా చేస్తారు. మొదటి పెట్టెలో చిరునామా, ఖాతా లెక్కలు ఉంటాయి, అది మారదు. రెండో పెట్టెలో నియమాలు ఉంటాయి. అవసరమైతే ఆ పెట్టెను తీసి కొత్తది పెడతారు. బాగుంది. కానీ ఆ రెండో పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? 2017 నవంబర్‌లో పారిటీ అనే వాలెట్‌లో చాలామంది ఖాతాలు ఒకే ఉమ్మడి కోడ్ మీద ఆధారపడి ఉండేవి. దానికి కాపలా లేకపోవడంతో ఎవరో ఒకరు యజమానిగా మారి దాన్ని చెరిపేశారు. 5 లక్షలకు పైగా ఈథర్ నాణేలు అందులోనే బిగుసుకుపోయాయి.

తాళంచెవి బయటివాడికి దొరికితే అది ప్రమాదం. పెద్ద కంపెనీ ఒక్కదాని దగ్గరే ఉంటే? కంచే చేను మేసినట్టే. ఈ రోజు 45 రోజులని రాసి, రేపు ఒక్క బటన్‌తో 90 అని మార్చేస్తే, దాన్ని ఒప్పందం అనరు, హుకుం అంటారు. 2020లో వచ్చిన హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ 2.0 ఇక్కడ కొంత మేలు. అందులో నియమాలు మార్చాలంటే మామూలుగా సభ్య సంస్థల్లో మెజారిటీ ఒప్పుకోవాలి. అయితే ఆ సభ్యులు ఎవరు? మిల్లు, బ్యాంకు, ఎగుమతిదారు మాత్రమే అయితే పట్టరైకి ఓటెక్కడిది? ఒంటరిగా చేరలేని చిన్నవాళ్ళ తరఫున కొడీసియా లాంటి సంఘాలు సభ్యులుగా ఉండాలి.

నా అభిప్రాయం మూడు ముక్కల్లో చెబుతాను. ఒకటి, పన్ను రేటు లాంటివి ప్రభుత్వం మార్చినప్పుడు వాటంతట అవే మారవచ్చు. కానీ ధర, గడువు, జరిమానా మారాలంటే పనిచేసేవారి సంతకం కూడా పడాలి. రెండు, మార్పు ఆ క్షణమే అమల్లోకి రాకూడదు. కొన్ని రోజుల ముందు తెలియజేయాలి, చేతిలో ఉన్న ఆర్డర్లకు పాత నియమమే వర్తించాలి. మూడు, ఆ తెలియజేయడం పట్టరైవాళ్ళు చదవగలిగే భాషలో ఉండాలి.

ఇన్ని సంతకాలంటే వ్యాపారం నత్తనడక నడుస్తుందని కొందరంటారు. రోజూ మారే లెక్కలకు సంతకం అడగట్లేదు కదా! ఇందులో కొత్త కోరిక కూడా ఏమీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 62వ సెక్షనే, ఒప్పందం మార్చుకోవడమంటే ఇరుపక్షాలూ ఒప్పుకుని చేసే పనిగా చూస్తుంది. కాగితానికి ఉన్న ఆ మర్యాద కోడ్‌కు ఎందుకు ఉండకూడదు?

మూడో ముక్క మాత్రం మన పని. కోడ్ రాసే అమ్మాయిలు పక్క బ్లాకులోనే ఉన్నారు. వాళ్ళతో కూర్చుని ఒక జాబ్‌వర్క్ ఒప్పందాన్ని తెలుగులోనూ తమిళంలోనూ, ఇంట్లో నాన్నకో పెదనాన్నకో చదివి వినిపిస్తే అర్థమయ్యేలా రాసి చూద్దాం. వాళ్ళు ఏ మాట దగ్గర ఆగి "ఇదేంటమ్మా?" అని అడుగుతారో, కోడ్‌లో మార్చాల్సింది ముందు ఆ మాటే.