రోడ్డు ప్రమాదంలో గాయపడితే.. మొదటి బిల్లు ఎవరు కడతారు?

మీ కళ్లముందే ఓ బైక్ స్కిడ్ అయింది. పడిపోయిన మనిషి లేవడం లేదు. చుట్టూ పదిమంది చేరారు, ఇద్దరు వీడియో తీస్తున్నారు. ముందుకు రావడానికి మాత్రం అందరికీ రెండు భయాలు. పోలీసు కేసు మనకు చుట్టుకుంటుందేమో.. ఆసుపత్రిలో అడ్వాన్స్ మనల్నే కట్టమంటారేమో!

మొదటి భయం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ ప్రకారం, సదుద్దేశంతో సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ కేసులు ఉండవు. ఇష్టం లేకపోతే మీ పేరు కూడా చెప్పనక్కర్లేదు. 108కో, 112కో ఫోన్ చేయండి చాలు.

రెండో భయానికి జవాబు 2025 మే 5న వచ్చింది. కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, మోటారు వాహన ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో రూ.1.5 లక్షల వరకు, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల పాటు వైద్యం అందాలి. ఢీకొట్టిన వాహనానికి ఇన్సూరెన్స్ లేకపోయినా సరే, ఆ ఖర్చు ప్రభుత్వానిది. చట్టంలోని ఈ నిబంధన 2022 ఏప్రిల్‌లోనే అమల్లోకి వచ్చింది. పథకం తయారు కావడానికి మాత్రం మూడేళ్లు పట్టింది, అదీ సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక!

దీనికీ సుస్థిర అభివృద్ధికీ ఏమిటి సంబంధం అంటారా? రోడ్డు మరణాలను 2020 నాటికి సగానికి తగ్గించాలని ఐక్యరాజ్యసమితి 2015లో లక్ష్యం పెట్టుకుంది. అది నెరవేరలేదు, గడువు 2030కి జరిగింది. మన దేశంలో 2022లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 45 శాతం టూవీలర్లపై వెళ్తున్నవారే. మూడింట రెండొంతుల మంది 18-45 ఏళ్లవారు, అంటే ఇల్లు నడిపే వయసువారు. అలాంటి మనిషి మంచాన పడితే జీతం ఆగుతుంది, అప్పు మొదలవుతుంది, పిల్లల ఫీజు దగ్గర కోత పడుతుంది. పేదరికం ఇంట్లోకి వచ్చే దారుల్లో ఇదొకటి.

అందుకే పథకంలోని '7 రోజులు' అన్న పరిమితి దగ్గర ఆగి ఆలోచించాలి. తలకు, వెన్నెముకకు దెబ్బ తగిలితే వైద్యం వారంలో తేలదు. ఎనిమిదో రోజు బిల్లు మళ్లీ కుటుంబం చేతికే వస్తుంది.