ఆ బిరుదు మనల్ని అడిగి పెట్టుకోలేదు

మన ముసలమ్మల మెడల్లోని పాత రూపాయి దండలు ఒకసారి పట్టి చూడండి. 1876 దాకా వేసిన వెండి రూపాయి మీద విక్టోరియాను ‘రాణి’ అన్నారు. 1877 నుంచి వేసిన దాని మీద ‘చక్రవర్తిని’ అన్నారు. మధ్యలో జరిగింది ఒక్కటే. 1876లో లండన్ పార్లమెంటు ఆమె బిరుదులు పెంచుతూ చట్టం చేసింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో వైస్రాయి లిట్టన్ ఆమెను హిందూదేశ చక్రవర్తినిగా చాటించాడు. రాజులూ నవాబులూ కొలువుదీరారు. అప్పుడే మద్రాసు రాజధానిలో జనం కరువుకు చస్తున్నారు.

బిరుదే కదా, దానివల్ల మనకేం నష్టం అంటారు కొందరు. చాలా నష్టం. చక్రవర్తిని అంటే రాజులందరికీ పైనున్నది. అంటే రాజులకూ, జమీందార్లకూ, మన్సబుదార్లకూ, ముఠాదార్లకూ ఉన్నదంతా ఆమె దయవల్ల ఉన్నట్టే. అందరికంటే కింద మనం. తాతల నాటి కొండ, చెట్టు, పోడు అన్నీ పైవాళ్లు దయతలిచి ఇచ్చినవైపోయాయి. ఇచ్చినవాడు తీసుకోనూవచ్చు.

తీసుకున్నారు కూడా. పూర్వీకుల భూమి మీద ప్రజలకున్న మమకారాన్ని గౌరవిస్తామని 1858 ప్రకటనలో ఆ రాణి పేరుతోనే మాటిచ్చారు. బిరుదు చాటిన రెండేళ్లకు, మన చెట్టు కల్లు మనం తాగడానికే పన్ను కట్టమన్నారు. పోలీసుల లంచాలు, అప్పులిచ్చిన షావుకార్ల కోర్టు డిక్రీలు దానికి తోడయ్యాయి. 1879 మార్చిలో రంప లేచింది. ఏప్రిల్‌కల్లా మన నర్సీపట్నం పైనున్న గొలుగొండ కొండలూ లేచాయి. చక్రవర్తిని సర్కారు పటాలాలను పంపింది. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. మన పోడు ‘రిజర్వు’ అయింది, మనం దొంగలమయ్యాం.

విక్టోరియా పోయినా బిరుదు పోలేదు, వారసులకు దక్కింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి మనవాళ్లు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడినప్పుడు చక్రవర్తి ఆమె మనవడు అయిదో జార్జి. గాం గంటం దొర, గాం మల్లు దొర పోరాడింది ఆ బిరుదు కింద నడిచిన పాలన మీదనే.

ఉపాధ్యాయ మిత్రులారా, ఆ పోరాటాలకు సర్కారు కాగితాల్లో పెట్టిన పేరు ‘పితూరీ’. సొంత నేలను కాచుకున్నవాడు తిరుగుబాటుదారు ఎలా అవుతాడు? మనం ఎన్నడు ఆమెకు లోబడతామని ఒప్పుకున్నాం? ఏ ముఠాలో, ఏ పంచాయితీలో మనల్ని అడిగారు? పాఠంలో ‘రంప పితూరీ’ అని వచ్చినచోట ఆగి, ఈ ప్రశ్న పిల్లల చేత అడిగించండి.

1948లో ఇంగ్లండు రాజు ఆ బిరుదు వదులుకున్నాడు. అడవి సర్కారుదనే మాట మాత్రం వదల్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు చారిత్రక అన్యాయం జరిగిందని తన పీఠికలోనే ఒప్పుకుంది. అయినా పోడు పట్టా అడిగితే ఇప్పటికీ ఆక్రమణదారు అంటున్నారు, ఇస్తే దానం చేసినట్టు ఫొటో దిగుతున్నారు.

యువకులారా, ఆ చట్టం పేరులోనే హక్కుల ‘గుర్తింపు’ అని ఉంది. గ్రామసభలో దరఖాస్తు రాసేటప్పుడు ‘దయచేసి ఇప్పించండి’ అని రాయకండి. మాకున్న హక్కును గుర్తించండి అని రాయండి.