హద్దు తేలని చోటే చొరబాటు

సైన్యంలో చేరిన కొత్తలో మాకు పదే పదే నూరిపోసిన పాఠం ఒకటుంది. తెలివైన శత్రువు బెటాలియన్ నడిబొడ్డు మీద పడడు, రెండు బెటాలియన్ల హద్దులు కలిసే చోటును వెతుక్కుంటాడు. అక్కడున్న వాగు వాళ్ల బాధ్యత అని వీళ్లు, వీళ్ల బాధ్యత అని వాళ్లు అనుకుంటారు. చొరబాటు ఆ వాగులోంచే జరుగుతుంది. 2023 డిసెంబరులో బయటపడిన ఒక ఈ-మెయిల్ లోపం గురించి చదివినప్పుడు నాకు ఆ వాగే గుర్తొచ్చింది.

ఈ-మెయిల్ ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు కవరులో పెట్టిన ఉత్తరంలా ఒకేసారి చేరదు. బైట్ల ప్రవాహంగా వస్తుంది. ఒక విడతలో సగం పంక్తి రావచ్చు, తరువాతి విడతలో మిగతా సగంతో పాటు మరో రెండు పంక్తులు రావచ్చు. అందుకే స్వీకరించే సాఫ్ట్‌వేర్ వచ్చినదాన్ని బఫర్ అనే తాత్కాలిక నిల్వలో పోగేస్తుంది. పంక్తి ముగింపు గుర్తు కనబడ్డాక అంతవరకు విడదీసి తీసుకుంటుంది, మిగిలిన ముక్కను తరువాతి విడత కోసం అట్టే పెడుతుంది. మేము కూడా వైర్‌లెస్‌లో పొడవైన సందేశాన్ని ముక్కలుగా పంపుతూ మధ్యమధ్య ‘రోజర్ సో ఫార్’ అని అడిగేవాళ్లం. సందేశం పూర్తిగా అందేదాకా దానిపై ఎవరూ కదలకూడదు.

చూడటానికి ఇది గుమాస్తా పని. కానీ ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, బఫర్‌లో ఎంత పడుతుందో చూసుకోకపోవడం. 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన వార్మ్ వేల కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది వాడుకున్న దారుల్లో ఒకటి, వచ్చే పంక్తి పొడవు సరిచూడకుండా 512 బైట్ల చోటులోకి చదివేసే ‘ఫింగర్’ అనే సర్వీసు. హద్దు దాటి పొర్లిన బైట్లు యంత్రాన్నే లొంగదీసుకున్నాయి.

రెండో ప్రమాదం ఇంకా సూక్ష్మమైనది. పంక్తి ఎక్కడ ముగిసిందో ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకోవడం. ఈ-మెయిల్ రవాణా నియమావళి ఎస్‌ఎంటీపీ ప్రకారం పంక్తి ముగింపుకు రెండు గుర్తులు జంటగా రావాలి. అవి టెలిప్రింటర్ల కాలం నాటి వారసత్వం. ఒకటి అచ్చువేసే భాగాన్ని ఎడమ అంచుకు తెస్తుంది, రెండోది కాగితాన్ని ఒక వరస జరుపుతుంది. ఒక పంక్తిలో ఒక్క చుక్క మాత్రమే ఉంటే మెయిల్ అక్కడితో అయిపోయినట్టు. అయితే చాలా సాఫ్ట్‌వేర్లు జంటలో ఒక్క గుర్తు వచ్చినా సర్దుకుపోయేవి. ‘పంపేటప్పుడు నిక్కచ్చిగా, స్వీకరించేటప్పుడు ఉదారంగా ఉండాలి’ అన్నది ఇంటర్నెట్ నిర్మాతల్లో ఒకరైన జాన్ పోస్టెల్ 1980లో చెప్పిన సూత్రం. ఇంటర్నెట్ విస్తరించడానికి ఆ ఉదారత తోడ్పడింది. కాపలా పోస్టులో మాత్రం అది పనికిరాదు.

ఆస్ట్రియాకు చెందిన సెక్ కన్సల్ట్ సంస్థ బయటపెట్టిన ‘ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్’ ఈ సందునే వాడుకుంది. దాడి చేసేవాడు మెయిల్ మధ్యలో ఒక లోపభూయిష్టమైన ముగింపు గుర్తు పెడతాడు. పంపే సర్వర్ దాన్ని మామూలు రాత అనుకొని దాటిస్తుంది. అందుకునే సర్వర్ మాత్రం మెయిల్ అక్కడ ముగిసిందనుకొని, తరువాతి భాగాన్ని కొత్త మెయిల్‌గా తీసుకుంటుంది. ఆ రెండో మెయిల్‌లో పంపినవారి పేరు దాడి చేసేవాడి ఇష్టం. అది వచ్చింది అసలైన సర్వర్ నుంచే కాబట్టి, చిరునామాను సరిచూసే ఎస్‌పీఎఫ్ తనిఖీని కూడా దాటిపోగలదు.

మనకు ఇది ఎందుకు ముఖ్యం? పహల్గాం దాడి తరువాత, పాకిస్థాన్‌తో సంబంధం ఉందని పరిశోధకులు చెప్పే ‘ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్’ ముఠా ఆ దాడి పేరుతోనే పత్రాలు తయారుచేసి మన అధికారులకు ఎర వేసింది. దానికి నకిలీ డొమైన్లు వాడింది, జాగ్రత్తగా చూస్తే తేడా పట్టుకోవచ్చు. అసలు డొమైన్ పేరుతోనే మెయిల్ వస్తే ఏ అధికారి అనుమానిస్తాడు? సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలపాలని సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. గుర్తించనే లేని ఘటనను ఎవరు తెలుపుతారు? పైగా ఒకే వేదిక మీద అనేక శాఖల డొమైన్లు ఉన్నప్పుడు, ఆ ఒక్క ద్వారం దగ్గరి అలసత్వం అన్ని శాఖల పేర్లనూ ప్రమాదంలో పెడుతుంది.

పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్, సెండ్‌మెయిల్ దిద్దుబాట్లు విడుదల చేశాయి. వాటిని అమర్చుకోవడమే మిగిలింది. కేంద్ర ప్రభుత్వ వేదికలను నిపుణులు కనిపెట్టుకొని ఉంటారు. నా ఆందోళన రాష్ట్రాల కార్పొరేషన్లు, విశ్వవిద్యాలయాలు, రక్షణ రంగానికి విడిభాగాలు అందించే చిన్న కంపెనీల గురించి. ఎప్పుడో అమర్చి, ‘నడుస్తోంది కదా’ అని వదిలేసిన సర్వర్లు ఇలాంటి చోట్లే ఉంటాయి. మూడు పనులు చేయాలి. తప్పుడు పంక్తి ముగింపులతో పరీక్షించిన మెయిల్ సాఫ్ట్‌వేర్‌నే కొనాలని టెండరు షరతుల్లో చేర్చాలి. పాత వెర్షన్లకు గడువు పెట్టి తొలగించాలి. కదలికలు, చెల్లింపుల వంటి ఆదేశాలు మెయిల్‌లో వస్తే డిజిటల్ సంతకం చూడాలి, లేదా ఫోన్‌లో నిర్ధారించుకోవాలి.

వాస్తవాధీన రేఖ ఎక్కడుందన్న విషయంలో అవగాహనల్లో తేడా ఎంత ఖరీదైనదో మనకు తెలుసు. ఆ రేఖ మీద ఏకాభిప్రాయం మన ఒక్కరి చేతిలో లేదు. మెయిల్‌లో పంక్తి ఎక్కడ ముగుస్తుందో నిక్కచ్చిగా పాటించడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.