ఆటకి ఎదురు కూలి

గోల్ఫ్ అంటే డబ్బున్న మగవాళ్ళ కాలక్షేపం కదా, స్త్రీల శ్రమ గురించి మాట్లాడుకునే మన పత్రికలో దాని ప్రసక్తి ఎందుకని మిత్రులు అడగొచ్చు. అమెరికాలోని ఎప్సన్ టూర్ లెక్కలు చూసేవరకూ నేనూ అలాగే అనుకునేదాన్ని.

అక్కడ స్త్రీల ప్రొఫెషనల్ గోల్ఫ్‌కి పెద్ద వేదిక ఎల్.పి.జి.ఎ. 1950లో 13 మంది క్రీడాకారిణులు కలిసి దాన్ని స్థాపించుకున్నారు. ఆ వేదిక ఎక్కడానికి కింది మెట్టు ఎప్సన్ టూర్. నెలల తరబడి ఊరూరా తిరుగుతూ ఆడాలి. 2022 సీజన్ చివర, అందరికన్నా ఎక్కువ సంపాదించిన పదిమందికే పైకి వెళ్ళే అర్హత దక్కింది.

ఆ ఏడాది ఒక్కో పోటీకి ప్రవేశ రుసుము 450 డాలర్లు. అది కూడా 500 నుండి తగ్గించాకనే! ఇరవై పోటీలాడే అమ్మాయి 9,000 డాలర్లు ఎదురు కట్టాలన్నమాట. ప్రయాణం, తిండి, క్యాడీకి ఇచ్చే కూలి దీనికి అదనం. ఆ ఊరి కుటుంబమేదైనా ఇంట్లో చోటిస్తే బస ఖర్చు తప్పుతుంది. మొదటి రెండు రోజుల ఆటలో వెనకబడి 'కట్' దాటలేకపోతే బహుమతి సొమ్ములో ఒక్క డాలరూ రాదు. ఈ జల్లెడలో నిలబడేది ప్రతిభ ఒక్కటే కాదు, కుటుంబపు ఆస్తి కూడా.

మగవాళ్ళకీ ఇలాంటి మెట్టు ఉంది, కార్న్ ఫెర్రీ టూర్. అక్కడా అనిశ్చితి ఉంది. కానీ 2022లో అక్కడ ఒక్కో పోటీకి కనీస బహుమతి మొత్తం 7,50,000 డాలర్లు, స్త్రీలకి 2,00,000. చూసేవాళ్ళు లేరు, మార్కెట్ అంతే అంటారు. టెలివిజన్‌లో సరిగా చూపించని ఆటకి చూసేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు?

"ఇది ఉద్యోగం కాదు, అవకాశం" అనే మాట వెనక ఉన్న తర్కం మనకి కొత్తది కాదు. అంగన్‌వాడీ కార్యకర్తకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం' అన్నదీ ఆ తర్కమే. ఈ ఇద్దరి జీవితాలూ ఒకటని నేననడం లేదు. కానీ శ్రమకి పేరు మార్చి బాధ్యత తప్పించుకునే పద్ధతి మాత్రం ఒకటే.

మార్పు అసాధ్యమేమీ కాదు. 2022 యు.ఎస్. విమెన్స్ ఓపెన్‌లో కట్ దాటని ప్రొఫెషనల్ క్రీడాకారిణులకి కూడా తలా 8,000 డాలర్లు ఇచ్చారు. పెద్ద పోటీలో సాధ్యమైనది, అవసరం ఎక్కువగా ఉన్న కింది మెట్టు మీద ఎందుకు కాకూడదు? ప్రవేశ రుసుము ఎత్తెయ్యాలి, ఆడిన ప్రతి స్త్రీకీ కనీస ప్రతిఫలం ఇవ్వాలి. ఆటని కూడా శ్రమగా గుర్తించి అడగడం మనమూ మొదలుపెట్టాలి.