డ్రాగన్ పొలానికి కౌలు లేదు

రూన్ ఫ్యాక్టరీ 4 స్పెషల్ అనే గేము మూడు వారాంతాల నుంచీ ఆడుతున్నాను. ఇంకా సగం దూరం కూడా రాలేదు కాబట్టి దీన్ని సమీక్ష అనకండి, తొలి పరిచయం అనుకోండి. పొలం దున్నుకోవడం, మధ్యలో కత్తి పుచ్చుకుని రాక్షసుల మీదకి వెళ్ళడం, సాయంత్రం ఊళ్ళోవాళ్ళతో కబుర్లు, కుదిరితే ఎవరినన్నా పెళ్ళి చేసుకోవడం... ఇదీ స్థూలంగా ఆట. వినడానికి చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది గానీ, ఆదివారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెట్టింది. సోమవారం పొద్దున స్టాండప్‌లో నా మొహం చూసినవాళ్ళు సాక్ష్యం.

ముందు కాస్త పుట్టుపూర్వోత్తరాలు. వ్యవసాయం గేములకి మూలపురుషుడు 1996లో జపాన్‌లో సూపర్ ఫామికామ్ మీద వచ్చిన బొకుజో మొనొగతారి. మనకి హార్వెస్ట్ మూన్‌గా తెలుసు. దాన్ని తయారుచేసిన యసుహిరో వాడా పల్లెటూరి నుంచి టోక్యో వచ్చి, ఊరి మీద బెంగతో ఆ గేము ఆలోచన చేశాడు. ఎక్కడో విన్నట్టు ఉంది కదూ ఈ కథ? అదే వరసలో 2006లో, కత్తులూ మంత్రాలూ కలిపి, నెవర్‌ల్యాండ్ అనే చిన్న కంపెనీ రూన్ ఫ్యాక్టరీ చేసింది. నాలుగోది 2012లో జపాన్‌లో, 2013 అక్టోబరులో అమెరికాలో వచ్చింది. వాళ్ళు చేసినవాటిలో ఇదే మంచిదని ఇప్పటికీ చాలామంది అంటారు. తమాషా ఏమిటంటే ఆ మరుసటి నెలలోనే, అంటే 2013 నవంబరులో, నెవర్‌ల్యాండ్ దివాలా తీసి మూతపడింది. ప్రోడక్టు బావుంటే కంపెనీ బావుంటుందని నమ్మే మేనేజర్లకి ఈ ముక్క చెప్పాలి. నేనాడుతున్నది తర్వాత మార్వెలస్ వాళ్ళు మెరుగులు దిద్ది 2019లో స్విచ్‌కీ, 2021 డిసెంబరులో పీసీకీ తెచ్చిన రూపం.

కథ సింపుల్. మన హీరో (హీరోయిన్ కూడా కావచ్చు) గాలి ఓడలోంచి జారి పడతాడు. పడేది సెల్ఫియా అనే ఊరి కోటలో, వెంటుస్‌విల్ అనే డ్రాగన్ నెత్తిమీద. గతం గుర్తుండదు. రావాల్సిన యువరాజు ఇతనే అనుకుని ఊరంతా గౌరవిస్తుంది. కాసేపటికి అసలు యువరాజు ఆర్థర్ వస్తాడు, వచ్చి "పర్లేదు, నువ్వే కానియ్" అంటాడు. ఆన్‌సైట్ సీటు ఇలా వదిలేసేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. కోట వెనక ఉన్న పొలం మన చేతిలో పెడతారు. యువరాజు నాగలి పట్టడమేమిటని ఎవరూ అడగరు.

మనలాంటివాళ్ళకి ఈ గేము ఎందుకు అతుక్కుంటుందో చెప్తాను. ఇందులో చేసిన ప్రతి పనికీ లెక్క ఉంది. గడ్డపార పడితే దాని లెవెలు పెరుగుతుంది, చేపలు పడితే దాని లెవెలు. ఇంతవరకూ మామూలే. నడిస్తే నడక లెవెలు, పడుకుంటే నిద్ర లెవెలు, స్నానం చేస్తే స్నానం లెవెలు కూడా పెరుగుతాయి! ఏ పనీ ఊరికే పోదు, పెరిగినప్పుడల్లా తెరమీద కనిపిస్తుంది. ఆర్నెల్లు ఒక మాడ్యూలు మీద పనిచేసి, చివరికి క్లయింటు మనసు మార్చుకుంటే ఆ కోడంతా పక్కన పారేసిన అనుభవం మనలో ఎవరికి లేదు? అప్రైజల్లో దానికి ఒక్క లైను కూడా ఉండదు. ఇక్కడ ఎలిజా అనే మాట్లాడే పోస్టుడబ్బా ఉంటుంది. అది చెప్పిన చిన్న చిన్న పనులు చేస్తే అక్కడికక్కడే ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. మేనేజర్‌గా ఎలిజా వందరెట్లు నయం.

సరే, వ్యవసాయం సంగతి. మాది గుంటూరు దగ్గర పల్లె. ఇంట్లో మిరప తోట మధ్య పెరిగాను కాబట్టి ఈ విషయంలో నా కన్ను కొంచెం కఠినంగానే ఉంటుంది. వెనక ఆడిన రెండు మూడు గేముల్లో మట్టి అంటే గోధుమరంగు గడి, అంతే. ఇందులో మట్టికి ఆరోగ్యం ఉంది. భూతద్దం కొనుక్కుని చూస్తే ఏ గడిలో ఎంత సత్తువ మిగిలిందో తెలుస్తుంది. వరసగా పంట మీద పంట వేస్తే నేల నీరసిస్తుంది, కాపు సరిగ్గా రాదు. ఎండుగడ్డి తెచ్చి మట్టిలో కలిపితే మళ్ళీ కోలుకుంటుంది. మా వైపు జనుమో జీలుగో చల్లి, పూతకొచ్చే వేళకి కలియదున్నేవాళ్ళు చూడండి, దానికి దగ్గరి చుట్టం. జపాన్‌లో కూర్చుని కోడు రాసినవాడెవడో గానీ వాడికి మట్టి తెలుసు.

ఇంకా నచ్చింది విత్తనం. కాపుకొచ్చిన మొక్కని కోసుకుని అమ్ముకోవచ్చు, లేదా కొడవలి పెట్టి కోస్తే పంట పోయి విత్తనం వస్తుంది. ఆ విత్తనం పాతదానికంటే ఒక మెట్టు మేలురకం. అంటే ఇవాళ్టి డబ్బు వదులుకుంటే రేపటి పంట బాగుపడుతుంది. కాపులో మంచి కాయలు ఏరి, విడిగా ఎండబెట్టి, వచ్చే ఏడాదికని దాచిపెట్టే నాయనమ్మ చెయ్యి నాకు లీలగా గుర్తు. ఇప్పుడు మా నాన్న హైబ్రిడ్ విత్తనం ప్యాకెట్లు కొంటాడు, ఏటా కొంటాడు. కొడవలి పుచ్చుకుని టర్నిప్ మొక్కల్ని కోసేస్తూ నేను ఇంత ఆలోచిస్తానని అనుకోలేదు.

ప్రమాదాలు లేవా అంటే, ఉన్నాయి. తుఫాను వస్తుంది, చేను చెల్లాచెదురవుతుంది. అయితే తెలివైనవాళ్ళు ముందురోజు సేవ్ చేసుకుంటారు, పొద్దున లేచి చేను పాడైందని చూడగానే వెనక్కి వెళ్ళి మళ్ళీ పడుకుంటారు. రోల్‌బ్యాక్ ఉన్న వ్యవసాయం! దీనికి పేటెంటు తీసుకుంటే రాష్ట్రం మొత్తం కొనుక్కుంటుంది.

పోయిన వారం నాన్న వచ్చి నాలుగు రోజులు ఉన్నారు. నేను ఆడుతుంటే వెనక సోఫాలో కూర్చుని పది నిమిషాలు చూశారు.

"ఒరేయ్, ఆ చేను ఎవరిది?"

"డ్రాగన్‌ది నాన్నా. ఊరంతా దానిదే."

"కౌలెంత?"

"కౌలేం లేదు."

"కూలీలు?"

"ఆ జంతువులున్నాయిగా, మచ్చిక చేసుకుంటే అవే నీళ్ళు పోస్తాయి, అవే కోస్తాయి."

"కాయ ఎక్కడ అమ్ముతావు?"

అమ్మకం పెట్టె చూపించాను. అందులో వేస్తే చాలు, డబ్బు వచ్చేస్తుంది. ఆయన కాసేపు ఆ పెట్టెనే చూసి, "పది బస్తాలేసినా అదే రేటా?" అన్నారు. అవునన్నాను. "ఇంకేం, అందుకే వాడట్లా నవ్వుతున్నాడు" అని టీవీ రిమోట్ కోసం వెతుక్కున్నారు.

రివ్యూలు చాలా చదివాను గానీ ఈ ప్రశ్న అడిగినవాడు ఒక్కడూ లేడు. నిజమే, ఈ గేములో అసలు మాయ మంత్రదండాల్లో లేదు, ఆ పెట్టెలో ఉంది. ఒక టర్నిప్ వేసినా వంద వేసినా ధర మారదు. ఊరివాళ్ళందరూ అదే పంట వేసి ధర పడగొట్టరు, ఎందుకంటే ఊళ్ళో రైతువి నువ్వొక్కడివే. తేమ ఉందని కోత పెట్టేవాడు లేడు, యార్డు బయట రెండు రాత్రులు టిక్కీల మీద పడుకోవడం లేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరులో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు కట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడాది మా ఇంట్లో నేల తప్పు లేదు, విత్తనం తప్పు లేదు, వాన తప్పు లేదు. గేము భాషలో చెప్పాలంటే అన్ని లెవెళ్ళూ బాగానే ఉన్నాయి.

ఇక కౌలు. మా నాన్న చేసేది ఎక్కువ భాగం కౌలు సేద్యమే. కాగితం మీద చేను ఇంకొకరిది. కాబట్టి బ్యాంకు అప్పుకి వెళ్తే కాగితం ఎవరిదని అడుగుతారు, పంట పోతే పరిహారం జాబితాలో కూడా కాగితం ఉన్నవాడి పేరే ముందు. ఆంధ్రాలో 2011లో ఒక చట్టం, దాని బదులు 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల కార్డు, కానీ దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే చేను మీద హక్కు ఎక్కడ పోతుందోనని ఆసామి భయం. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు కూడా డబ్బు పట్టా ఉన్నవాళ్ళకే వెళ్ళింది, దున్నేవాడికి కాదు. సెల్ఫియాలో వెంటుస్‌విల్ మాత్రం పొలం ఇచ్చి, యువరాజు పాయింట్లు పెట్టుకుంటే పక్క మడి కూడా ఇచ్చి, ఎన్నడూ ఏమీ అడగదు. నేను చూసిన ఆసాముల్లో ఈ డ్రాగనే ఉత్తమురాలు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా ఆఫీసు క్యాంటీన్లో ఈమధ్య ప్రతి మూడో మనిషి "ఇంకో రెండేళ్ళు, తర్వాత రిజైన్ చేసేసి వ్యవసాయం" అంటున్నాడు. హైదరాబాద్ నుంచి గంట దూరంలో వీకెండ్ ఫార్మ్ ప్లాట్లు, మామిడి మొక్కలూ ఫెన్సింగూ ఫ్రీ అని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అడిగి చూడండి, వాళ్ళు చెప్పే పొలం అచ్చం సెల్ఫియాలా ఉంటుంది. మట్టి ఉంటుంది, ఆవు ఉంటుంది, సూర్యోదయం ఉంటుంది. అమ్మకం ఉండదు, పక్క రైతు ఉండడు, కూలి రేటు ఉండదు. కొని ఊరికే ఉంచుకుంటే వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం. ఉద్యోగం మానేసి దాని మీద బతుకుతామంటేనే నాకు భయం. అలా అనేవాళ్ళు ఒక్క సీజన్, ఒకే ఒక్క సీజన్, ఏ కౌలురైతు వెంటన్నా యార్డు దాకా వెళ్ళి రండి. బస్తాలు మొయ్యక్కర్లేదు, లెక్క చూడండి చాలు.

గేముని తప్పుపట్టడం లేదు సుమా. నాన్న పొలాన్ని యథాతథంగా కోడులో రాస్తే దాన్నెవడు ఆడతాడు? నేనైతే ఆడను, పండక్కి వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. సేద్యంలో మనిషికి తృప్తినిచ్చే భాగం ఏదో అంతవరకే తీసుకుని వీళ్ళు ఆట కట్టారు, బాగా కట్టారు. ఆ భాగం నిజమని నాన్నే ఒప్పుకుంటారు. లేకపోతే నలభయ్యేళ్ళు ఎందుకు చేస్తారు?

కొనేవాళ్ళకి రెండు మాటలు. బొమ్మలు పాత 3డీఎస్ కాలంనాటివి, పెద్ద తెరమీద కాస్త మొద్దుగా కనిపిస్తాయి, గంటలో అలవాటైపోతాయి. నిజం సెకనుకి ఆటలో నిమిషం గడిచిపోతుంది, కాబట్టి మొదట్లో హడావుడిగా ఉంటుంది. ముందు సంచీ పెద్దది చేసుకోండి, తర్వాతే మిగతా సోకులు. ఊళ్ళోవాళ్ళ కథలు ఏది ఎప్పుడు మొదలవుతుందో అదృష్టం మీద నడుస్తుంది. నాకు కావలసిన కథ కోసం ఆటలో ఇరవై రోజులుగా పొద్దున్నే ఊరంతా తిరుగుతున్నాను, పలకరించడం తప్ప పని జరగడం లేదు. ఐదో భాగం జోలికి ముందే వెళ్ళకండి, స్విచ్ మీద అది నత్తనడక నడుస్తుంది.

నాకింకా వంట లైసెన్సు రాలేదు. వూలీ అనే గొర్రెలాంటి జీవి ఒకదాన్ని మచ్చిక చేసి నీళ్ళు పొయ్యమని పెట్టాను. నాన్న ఊరెళ్తూ ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న, "ఆ గొర్రెకి రోజుకెంత మేత?"